రచయిత ప్రేక్షకుడికి బాకీ పడ్డాడా? - 'ట్విన్ పీక్స్' పునరాగమనం, అభిమానుల స్పందన

రచయిత పాఠకుడికి ఏమైనా బాకీ వుంటాడా అన్న ప్రశ్న మన సాహిత్య సభల్లో ఏదో ఒక రూపంలో వస్తూనే వుంటుంది. సామాన్యుడికి అర్థంకాని కవిత్వం ఎవరికోసమని ఒకరు లేచి అడుగుతారు. పాఠకుడే ఎదగాలని మరొకరు బదులు చెబుతారు. ఇద్దరూ చప్పట్లు కొట్టించుకుని కూర్చుంటారు. ఇదే తగాదా 2017లో ఒక అమెరికన్ టెలివిజన్ ధారావాహిక చుట్టూ జరిగింది. దాని పేరు 'ట్విన్ పీక్స్'. సాహిత్య విమర్శ పత్రికలో టెలివిజన్ గురించి వ్యాసమా అని కొందరు నొసలు చిట్లించవచ్చు. కాని ప్రేక్షకుడు ఒక కళాసృష్టిని తన ఆస్తిగా భావించినప్పుడు ఏమవుతుందో, ఆ భావన ఎంతవరకు న్యాయమో చూపడానికి యింతకంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

చూడనివారి కోసం కథ కొంత చెప్పుకోక తప్పదు. డేవిడ్ లించ్, మార్క్ ఫ్రాస్ట్ కలిసి సృష్టించిన యీ ధారావాహిక 1990 ఏప్రిల్ 8న ఏబీసీ సంస్థ ద్వారా ప్రసారం మొదలైంది. తొలి భాగాన్ని మూడు కోట్లకు పైగా జనం చూశారు. వాషింగ్టన్ రాష్ట్రంలో కలప మిల్లు మీద బతికే ఒక చిన్న వూరు. లారా పామర్ అనే హైస్కూలు విద్యార్థిని శవం ప్లాస్టిక్ పట్టాలో చుట్టి నీటి వొడ్డున దొరుకుతుంది. డేల్ కూపర్ అనే ఎఫ్‌బీఐ ఉద్యోగి విచారణకు వస్తాడు. ఇంతవరకు మామూలు అపరాధ పరిశోధన కథే. కాని కూపర్ ఆధారాలు వెతికేది వేలిముద్రల్లో ఎంతో, తన కలల్లోనూ అంతే. ఎర్ర తెరల గదిలో వెనక్కు తిరిగిన మాటలు మాట్లాడే మరుగుజ్జు, దుంగను చంటిబిడ్డలా ఎత్తుకు తిరిగే స్త్రీ, యిలాంటి అధివాస్తవిక చిత్రణ అంతకుముందు అమెరికన్ యిళ్ళలోకి టెలివిజన్ ద్వారా యీ మోతాదులో వచ్చింది కాదు.

హంతకుడెవరో చెప్పాలని సృష్టికర్తలకు తొందరలేదు. ప్రసార సంస్థ వొత్తిడి చేసింది. 1990 నవంబరులో రహస్యం విప్పారు. లారాను చంపింది కన్నతండ్రి. ఏళ్ళ తరబడి ఆమెపై అత్యాచారం చేసిందీ అతనే. బాబ్ అనే దుష్టశక్తి అతన్ని ఆవహించిందని కథ చెబుతుంది. రహస్యం తేలిపోయాక చూసేవారు తగ్గిపోయారు. 1991లో ప్రసారం మధ్యలో ఆగినప్పుడు అభిమానులు సంఘం పెట్టుకుని వుత్తరాల వుద్యమం నడిపారు. అయినా ఆ యేడు జూన్‌లో అది ముగిసిపోయింది. అసలు కూపర్ ఎర్ర గదిలో చిక్కుకుపోయాడు, అతని ప్రతిరూపం బయటికి వచ్చింది. పాతికేళ్ళ తర్వాత మళ్ళీ కలుస్తానని లారా అతనికి చెప్పింది.

ఆ మరుసటి యేడే లించ్ 'ఫైర్ వాక్ విత్ మి' అనే సినిమా తీశాడు. లారా జీవితంలోని చివరి వారం రోజులే దానిలో ప్రధాన వస్తువు. అభిమానులలో చాలామంది దాన్ని అప్పట్లో తోసిపుచ్చారు. ఎందుకు? వారు ప్రేమించిన వూరు అందులో లేదు. కాఫీ, చెర్రీ పండ్ల పై, కూపర్ చమత్కారాలు, ఏంజెలో బదలమెంటి మత్తెక్కించే సంగీతం కలిసి వారి మనసులో ఒక వెచ్చని లోకం ఏర్పడింది. నార్త్ బెండ్ అనే వూళ్ళో చిత్రీకరణ జరిగిన హోటలుకు వెళ్ళి ఆ కాఫీ తాగి రావడం ఒక తీర్థయాత్ర అయింది. ఆ లోకానికి పునాది ఒక ఆడపిల్ల శవమన్న సంగతి ఎవరూ మరచిపోయారని కాదు, గుర్తుచేస్తే మాత్రం యిబ్బందిపడ్డారు. సినిమా చేసిన నేరం ఆ గుర్తుచేయడమే. లారాగా నటించిన షెరిల్ లీ, యింట్లో అటువంటి హింసకు గురైనవారు తనతో తమ అనుభవం చెప్పుకున్నారని తర్వాతి కాలంలో పలుమార్లు చెప్పారు. ఆ సినిమాను మొదట సరిగ్గా చదివినవారు ఆ ప్రేక్షకులే అని నేననుకుంటాను. విమర్శకులు చాలా యేళ్ళు వెనకబడ్డారు.

ఈ నేపథ్యం తెలియకపోతే 2017 నాటి స్పందన అర్థంకాదు. 2014 అక్టోబరులో షోటైమ్ సంస్థ మూడో విడతను ప్రకటించింది. 2015 ఏప్రిల్‌లో డబ్బు చాలదని లించ్ తప్పుకున్నాడు. అభిమానులు గోల చేశారు, నటీనటులు అతని తరఫున నిలబడ్డారు. మే నెలలో అతను తిరిగి వచ్చాడు. తొమ్మిది అనుకున్న భాగాలు పద్ధెనిమిది అయ్యాయి. అన్నింటికీ అతనే దర్శకుడు. కనుక అభిమానులకు యిది తాము సాధించుకున్న కోర్కెలా తోచింది. పాతికేళ్ళు ఎదురుచూశాం, పోట్లాడి తెచ్చుకున్నాం, యిక మా కూపర్‌ను మాకివ్వండి!

ఇవ్వలేదు. ఎర్ర గది నుంచి బయటపడ్డ కూపర్ లాస్ వేగస్‌లో డగీ జోన్స్ అనే భీమా వుద్యోగి స్థానంలోకి వచ్చి పడతాడు. మాట రాదు, ఎదుటివాడి చివరి మాటను తిరిగి పలుకుతాడు. కాఫీ కప్పు చూస్తే మాత్రం మొహం వెలుగుతుంది. వచ్చేవారం తెలివి వస్తుంది, ఆపై వారం వస్తుంది అని చూసేవారు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు. పదహారో భాగం దాకా రాలేదు. ఏడో భాగంలో ఒకడు మద్యశాల నేలను రెండు నిమిషాలకు పైగా వూడుస్తూనే వుంటాడు, మరేమీ జరగదు. కొందరు మండిపడ్డారు. కొందరు పరవశించిపోయారు. నాకు ఆ డగీ, అభిమాని ప్రతిబింబంలాగే కనిపించాడు. పాత రుచి నాలుకకు తగిలితే లేచి కూచోవడం, తక్కిన ప్రపంచం పట్టకపోవడం!

ఆ తక్కిన ప్రపంచం తెరమీద వుంది. డగీ కథ నడిచే కాలనీలో యిళ్ళు ఖాళీగా పడివున్నాయి. 2008లో యిళ్ళ అప్పులు కూలి లక్షలాది కుటుంబాలు వీధిన పడ్డప్పుడు బాగా దెబ్బతిన్న నగరాల్లో లాస్ వేగస్ ఒకటని గుర్తుంచుకోవాలి. ఎదురింట్లో మత్తుమందుకు బానిసైన తల్లి, ఆమెను చూస్తూ కూచున్న పసివాడు. పన్నెండో భాగంలో ఒక నిరుపేద తిండి కోసం నెత్తురు అమ్ముకుంటున్నాడని తెలిసి, అతనుండే బళ్ళ యిళ్ళ పేట యజమాని కార్ల్ అలా చేయవద్దని చెప్పి డబ్బు చేతిలో పెడతాడు. ఆ ముసలివాడుగా నటించిన హ్యారీ డీన్ స్టాంటన్ ప్రసారం ముగిసిన కొద్దిరోజులకే చనిపోయాడు. మొత్తం పద్ధెనిమిది భాగాల్లో నాకు మనసులో నాటుకున్నది ఆ చిన్న దృశ్యం. అభిమానుల చర్చల్లో దానికి దక్కిన చోటు ఎంత? గుడ్లగూబ గుర్తుకు, విద్యుత్ స్తంభం మీది అంకెకు దక్కినదానిలో నూరోవంతు కూడా లేదు. చిక్కుముడి విప్పేవాడికి నెత్తురు అమ్ముకునేవాడు ఆధారం కాడు కదా!

ఎనిమిదో భాగం సంగతి వేరే చెప్పాలి. 1945 జులై 16న న్యూ మెక్సికో ఎడారిలో జరిగిన తొలి అణు విస్ఫోటనాన్ని నలుపు తెలుపుల్లో చూపుతూ కెమెరా ఆ పొగమేఘం కడుపులోకి వెళుతుంది. హిరోషిమా మృతుల కోసం పోలిష్ స్వరకర్త పెండెరెట్‌స్కీ కట్టిన విలాపం వెనక నుంచి వినిపిస్తుంది. ఆ విస్ఫోటనంలో నుంచే బాబ్ అనే దుష్టశక్తి రూపం తేలి వస్తుంది. ఇంటిలోని పాపానికి రాజ్యం చేసిన పాపంతో చుట్టరికం కలపడం సాహసం. కాని యిక్కడే నాకు లించ్‌తో పేచీ. చరిత్రలోకి అడుగుపెట్టినట్టే పెట్టి మళ్ళీ భూతాల లోకంలోకి తప్పుకుంటాడు. బాంబు చేసింది మనుషులు, వేయమన్నది ప్రభుత్వం. కూతురిని చెరిచింది తండ్రి. భూతం ఆవహించిందనే కథ యీ బాధ్యతను పలచన చేస్తుంది. ఈ ప్రశ్న అభిమానులు లేవదీయవలసింది. అధికసంఖ్యాకులు బదులుగా ఏ శక్తి ఏ శక్తికి తల్లి అని వంశవృక్షాలు గీశారు.

కథనుబట్టి అభిమానులు రెండు పక్షాలయ్యారు. మోసపోయామన్నది ఒకటి. ఇది మహత్తర కళ, నీకు అర్థంకాలేదన్నది మరొకటి. ఫ్రాన్స్‌లో 'కాయే ద్యు సినెమా' పత్రిక దీన్ని 2017లో వచ్చిన సినిమాలన్నిటిలో మొదటిదిగా ఎంచడంతో రెండో పక్షానికి బలం వచ్చింది. నా అభిప్రాయంలో యీ రెండూ ఒకే నాణేనికి రెండు ముఖాలు. మొదటివాడు తాళంచెవి యివ్వలేదని అలిగాడు, రెండోవాడు తాళంచెవి నా దగ్గర వుందని మురిశాడు. చివరి రెండు భాగాలను పక్కపక్కన రెండు తెరల మీద ఒకేసారి నడిపితే అర్థం బయటపడుతుందన్న సిద్ధాంతం కూడా పుట్టింది! బంధకవిత్వంలో నాగబంధం విప్పినట్టు విప్పారు. ఆ శ్రమను నేను ఎగతాళి చేయను. మన విద్యార్థి ఒక కథను అంత శ్రద్ధగా రెండోసారి చదివితే చాలునని కోరుకునే పంతులునే నేను. అయితే ఆ శ్రద్ధ అంతా ఎటు పోయిందన్నదే ప్రశ్న.

కోపగించినవారిలో న్యాయం లేకపోలేదు. ఆడ్రీ పాత్రను పన్నెండో భాగం దాకా చూపించక, చూపించాక ఆమె ఎక్కడుందో తేల్చక వదిలేశారు. యువతుల శరీరాలు చావడానికీ, బట్టలు విప్పడానికీ మాత్రమే తెరమీదికి రావడాన్ని పలువురు స్త్రీలు నిలదీశారు. వారికి, అది కల, కలకు తర్కం వుండదనే జవాబు దొరికింది. అధివాస్తవికత ప్రశ్నల నుంచి రక్షణ కవచం కాదు. కలకు తర్కం లేకపోవచ్చు, కలగన్నవాడికి దృక్పథం వుంటుంది.

ముగింపు సెప్టెంబరు 3న వచ్చింది. కూపర్ కాలంలో వెనక్కు వెళ్ళి, హత్యకు ముందే లారా చెయ్యి పట్టుకుని అడవి దాటిస్తాడు. వొడ్డున వుండవలసిన శవం మాయమవుతుంది. అభిమాని కోరదగిన వరం యింతకంటే లేదు, నేరమే చెరిగిపోయింది. కాని మరుక్షణం ఆ చేయి జారిపోతుంది, అడవిలో కేక వినిపిస్తుంది. తర్వాత టెక్సాస్‌లో లారా ముఖమే వున్న, పేరు వేరైన ఒక నడివయసు స్త్రీని వెతికి పట్టుకుని, రాత్రంతా కారు నడిపి, ఆమె పుట్టింటికి తీసుకొస్తాడు. తలుపు తీసినామె ఎవరో. పామర్ కుటుంబం పేరే ఆమె వినలేదు. కూపర్ వీధిలో నిలబడి యిది ఏ సంవత్సరమని అడుగుతాడు. ఆ స్త్రీ యింటివైపు చూసి కేక పెడుతుంది. దీపాలు ఆరిపోతాయి. పాతికేళ్ళ కింద పోయినదాన్ని యథాతథంగా తెచ్చివ్వమన్నవారికి వచ్చిన జవాబు ఆ కేక.

తర్వాతి భాగం ఎప్పుడని అడగడం అభిమానులు మానలేదు. లించ్ 2025 జనవరిలో మరణించాడు. చివరి దృశ్యంలో తలుపు తీసినామె నిజజీవితంలో ఆ యింటి యజమానురాలే. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎవరెట్ పట్టణంలో ఆ యిల్లు వుంది. అభిమానులు వెళ్ళి దాని ముందు నిలబడి ఫొటోలు తీయించుకుంటారు.