మొండికేసే యంత్రం

1844 డిసెంబరు 10న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో గార్డ్నర్ కోల్టన్ టిక్కెట్టు పెట్టి నవ్వుల వాయువు ప్రదర్శన ఇచ్చాడు. అది పీల్చి గెంతులేసిన ఓ యువకుడికి కాలు గీరుకుపోయినా నొప్పి తెలియలేదు. తెలిసొచ్చింది ప్రేక్షకుల్లో ఉన్న పళ్ల డాక్టరు హొరేస్ వెల్స్‌కి. మర్నాడే ఆ వాయువు పీల్చి తన పన్ను పీకించుకున్నాడు. నెల తిరగ్గానే బాస్టన్‌లో వైద్యుల ముందు చేసి చూపబోతే రోగి అరిచాడు, హాలంతా గేలి చేసింది. వాయువు నింపిన సంచిని కాస్త ముందే తీసేశారట. సంచికి కొలత ఎక్కడిది?

సంచిలోని ఆ నవ్వుల వాయువు ఒట్టి నైట్రస్ ఆక్సైడ్. ఊపిరికి ఆక్సిజన్ లేక మొహం నీలంగా మారడం అప్పట్లో మామూలే. ఆక్సిజన్ కలపమని 1868లో చికాగో సర్జన్ ఎడ్మండ్ ఆండ్రూస్ చెప్పాడు. ఇంత సులువైన మాట యంత్రాల్లోకి ఎక్కడానికి చాలాకాలం పట్టింది.

పిల్లల పళ్ల ఆసుపత్రుల్లో ఇప్పుడు వాడే యంత్రంలో నాకు నచ్చేది దాని మొండితనం. నాబ్ ఎంత తిప్పినా ఆక్సిజన్‌ను 30 శాతం కిందికి దిగనివ్వదు. ఆక్సిజన్ సిలిండర్ ఖాళీ అయితే నైట్రస్‌ను తనే ఆపేస్తుంది. ఒక సిలిండర్ చోట ఇంకొకటి బిగించబోతే పిన్నులు రంధ్రాల్లో కూర్చోవు. మనిషి పరాకును ముందే లెక్కేసి కట్టిన యంత్రమిది.

ముక్కు మీద చిన్న మాస్క్ పెట్టి మొదట ఆక్సిజన్ ఒక్కటే ఇస్తారు. తర్వాత నైట్రస్‌ను కొద్దికొద్దిగా పెంచుతారు. సగం పాళ్లలోపే చాలామంది పిల్లలు కుదుటపడతారు. నిద్రపోరు, నోరు తెరవమంటే తెరుస్తారు, పిలిస్తే పలుకుతారు. పలక్కపోతే మోతాదు ఎక్కువైందన్నమాట, తగ్గించాల్సిందే. చిగుళ్లకు తిమ్మిరి ఇంజక్షన్ ఎలాగూ ఉంటుంది, దాని భయమే తగ్గుతుంది. ఈ వాయువు రక్తంలో పెద్దగా కరగదు కాబట్టి ఎంత త్వరగా ఎక్కుతుందో అంత త్వరగా దిగుతుంది. దిగేటప్పుడు ఒక్కసారిగా ఊపిరితిత్తుల్లోకి వచ్చి అక్కడి ఆక్సిజన్‌ను పలచన చేస్తుంది. అందుకే ఆఖర్న మళ్లీ కొన్ని నిమిషాలు ఆక్సిజనే పీల్పిస్తారు.

వదిలిన గాలిని మాస్క్‌లోని ఇంకో గొట్టం బయటికి లాగేస్తుంది. రోజంతా ఆ గదిలోనే ఉండే డాక్టరు, నర్సుల కోసం ఆ ఏర్పాటు.

అయితే ముక్కుతో పీల్చని పిల్లల దగ్గర ఈ తెలివంతా దండగే. జలుబుతో ముక్కు దిబ్బడేస్తే వైద్యం వాయిదా వేస్తారు. నోరు తెరిచి గుక్కపెట్టి ఏడ్చే పిల్లలకు మాస్క్ అదిమిపెట్టి లాభం లేదు. ముందు మాటలతో మచ్చిక చేసుకోవాలి. అదీ కుదరని కొందరికి ఆపరేషన్ థియేటర్లో పూర్తి మత్తే దారి.