మెక్సికోలో లిసెన్సియాదో, అర్జెంటీనాలో దొక్తోర్: లాయరుకు ఇన్ని పిలుపులెందుకు?

స్పానిష్ నిఘంటువులో లాయరుకు కనిపించే మాట ‘అబొగాదో’, ఆడవారైతే ‘అబొగాదా’. స్పానిష్ మాట్లాడే దేశాలన్నిటా ఈ మాట తెలుసు. అయినా మెక్సికోలో కక్షిదారు తన లాయరును ‘లిసెన్సియాదో’ అని పలకరిస్తాడు. అర్జెంటీనాలో ఆ మనిషే ‘దొక్తోర్’. స్పెయిన్ కోర్టులో జడ్జి నోట ‘లెత్రాదో’. ఎందుకిలా?

అబొగాదో అనేది వృత్తి పేరు. లిసెన్సియాదో, దొక్తోర్ అన్నవి చదువు మెట్లు. మధ్యయుగపు విశ్వవిద్యాలయాల్లో బచియెర్, లిసెన్సియాదో, దొక్తోర్ అని మూడు మెట్లుండేవి. రెండో మెట్టంటే పాఠం చెప్పడానికి అనుమతి దొరికిందని అర్థం. దానికీ నల్లకోటుకీ ప్రత్యేక సంబంధమేమీ లేదు. 1605లో వచ్చిన సెర్వాంటెస్ నవల ‘డాన్ కిహోటే’లో లిసెన్సియాదో ఊరి చర్చి పూజారి. ఆయన చదివింది సిగ్వెన్సా అనే చిన్న విశ్వవిద్యాలయంలో. రచయిత ఆ పేరు చెప్పడంలోనే ఎత్తిపొడుపు ఉంది.

అంతా మూడో మెట్టు ఎందుకెక్కలేదు? ఖర్చు. స్పెయిన్‌లోని సలమాంకా విశ్వవిద్యాలయంలో దొక్తోర్ పట్టా పుచ్చుకునేవాడు విందులివ్వాలి, ఎద్దుల పోరు పెట్టించాలి. చాలామంది చదువరులు లిసెన్సియాదో దగ్గరే ఆగిపోయారు. అలా అది చదువుకున్న పెద్దమనిషికి మామూలు బిరుదైంది. 1551లో లిమా, మెక్సికో నగరాల్లో విశ్వవిద్యాలయాలకు రాజాజ్ఞ వచ్చాక ఈ మెట్లు సముద్రం దాటాయి.

మెక్సికోలో ఇప్పటికీ మొదటి డిగ్రీ పేరు ‘లిసెన్సియాతూరా’. కాబట్టి ఆర్థికశాస్త్రం చదివినా, మనస్తత్వశాస్త్రం చదివినా లిసెన్సియాదోనే. ఇంజనీరుకూ ఆర్కిటెక్టుకూ వేరే బిరుదులున్నాయి. మాస్టర్స్ చేసినవారు ‘మయెస్త్రో’. అయినా ఏ శాస్త్రమో చెప్పకుండా ‘లిసెన్సియాదో వచ్చారు’ అంటే ముందుగా తట్టేది లాయరే. టై కట్టుకున్న వాళ్లనల్లా అలా పిలిచే కాపలావాళ్లూ ఉన్నారు, అది వేరే సంగతి. కాగితం మీద మాత్రం ఇది ఆషామాషీ కాదు. 1945 నాటి చట్టం కింద, లాయరు వంటి వృత్తులు చేయాలంటే విద్యాశాఖ ఇచ్చే ‘సెదులా’ అనే అనుమతి పత్రం ఉండాలి. లేని బిరుదు తగిలించుకుని ప్రాక్టీసు పెడితే నేరం. విచిత్రమేమంటే అక్కడ లాయర్ల సంఘంలో చేరడం తప్పనిసరి కాదు, స్పెయిన్‌లో అది తప్పనిసరి.

చిలీలో లెక్క తిరగబడుతుంది. విశ్వవిద్యాలయం న్యాయశాస్త్రంలో లిసెన్సియాదో పట్టా మాత్రమే ఇస్తుంది. బీదలకు న్యాయసహాయం అందించే సంస్థలో ఆరు నెలలు పనిచేసి, ప్రమాణం చేశాక, అబొగాదో అనే బిరుదును సుప్రీంకోర్టు ఇస్తుంది. అంటే అక్కడ లిసెన్సియాదో ఇంకా లాయరు కానివాడు!

ఇక దొక్తోర్. అర్జెంటీనా, కొలంబియాల్లో పీహెచ్‌డీ లేకున్నా లాయరు దొక్తోరే. న్యాయశాస్త్రం పూర్తిచేసిన వారికి దొక్తోర్ పట్టా ఇచ్చిన పాతరోజుల వాసన ఇందులో కొంత ఉంది. మిగతాది ముఖస్తుతే అని నా అభిప్రాయం. కొలంబియాలో కాస్త హోదా కనిపిస్తే చాలు, దొక్తోర్ అనేస్తారు.

స్పెయిన్‌లో బిరుదుల మోజు తక్కువ. యూరప్ అంతటా డిగ్రీలను ఒక తీరుకు తెచ్చినప్పుడు లిసెన్సియాతూరా పోయి ‘గ్రాదో’ వచ్చింది. లెత్రాదో కోర్టు గదిలో వినిపించే మాట. అక్కడ వాదించేది అబొగాదో. కక్షిదారు తరఫున కాగితాలు దాఖలు చేసి నోటీసులు అందుకునే ‘ప్రొకురదోర్’ వేరే మనిషి. ఈ ఇద్దరినీ ఒకటిగా అనువదిస్తే దస్తావేజు అర్థమే మారిపోతుంది.

ఉద్యోగరీత్యా మెక్సికో లాయరుకు ఉత్తరం రాయాల్సివస్తే ఇంటిపేరు ముందు లిసెన్సియాదో అని, మహిళైతే లిసెన్సియాదా అని పెట్టండి. స్పెయిన్‌కైతే ‘సెన్యోర్’, ‘సెన్యోరా’ చాలు. మిగతా దేశాల సంగతి తేలకపోతే వాళ్ల జవాబు కింద సంతకం చూడండి. అక్కడ ఏ బిరుదుంటే రెండో ఉత్తరంలో అదే వాడండి.