హచ్చొళ్ళిలో రెండు రోజులు

సెలవులు దగ్గర పడుతున్నాయంటే మన ఇళ్ళల్లో మొదలయ్యే చర్చ అందరికీ తెలిసిందే. ఊటీయా, కొడైకెనాలా, గోవాయా అని. ఈసారి మా ఇంట్లో ఆ చర్చను మా అమ్మ ఒక్క మాటతో ముగించేసింది.

"నన్నొకసారి హచ్చొళ్ళికి తీసుకుపోరా. ఉగాదికి మీ బావ పాతిల్లు పడగొడతాడంట."

హచ్చొళ్ళి మా అమ్మ పుట్టిల్లు. బళ్ళారి జిల్లా సిరుగుప్ప తాలూకాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకున్నట్టుండే ఊరు. అమ్మకు ఎనభై దాటాయి. కంట్లో శుక్లాలు. ఈమధ్య టీవీ కూడా వినడమే తప్ప చూడటం లేదు. ఆమె అడిగాక కాదనడానికి మనసొప్పలేదు. బ్యాంకు ఉద్యోగంలో ముప్పై ఏళ్ళుగా సెలవులు మిగుల్చుకోవడమే తప్ప వాడుకోవడం తెలియని నేను, సంక్రాంతికి కలిసొచ్చిన సెలవులకు రెండు రోజులు జోడించి అర్జీ పెట్టాను. అమ్మ, నేను, మా శ్రీమతి, కాలేజీలో చదువుతున్న మా అమ్మాయి, నలుగురం బెంగళూరులో హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం.

తెల్లవారి బళ్ళారిలో దిగి కారు మాట్లాడుకున్నాం. బళ్ళారి అనగానే మన పెద్దలకు నాటకం గుర్తుకు రావాలి. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్ళారి రాఘవ ముగ్గురూ అక్కడ వకీళ్ళుగా ఉంటూనే తెలుగు నాటకాన్ని నిలబెట్టినవారు. మా అమ్మాయికి ఆ సంగతి చెబితే, "పగలు కోర్టులో, రాత్రి స్టేజీ మీదా!" అని నవ్వింది.

ఫలహారానికి దారిలో ఆగాం. నానబెట్టిన బొరుగులకు పోపు పెట్టి, పక్కన మిరపకాయ బజ్జీ ఇచ్చారు. ఆదోనిలో దీన్ని ఉగ్గాని అంటారు, ఇక్కడ ఒగ్గరణె అంటారు. పేరు మారింది గానీ కారం మాత్రం మారలేదు. ఆ చిన్న బడ్డీకొట్టులోనూ డబ్బులు ఫోనుతోనే చెల్లించాం. చిల్లర లెక్కపెడుతూ ఉద్యోగం మొదలుపెట్టిన నాకు అది చూస్తే ముచ్చటేసింది.

సిరుగుప్ప దారిలోనే తెక్కలకోట వస్తుంది. 1963-65 మధ్య అక్కడ ఎం.ఎస్. నాగరాజరావు గారు జరిపిన తవ్వకాల్లో కొత్త రాతియుగపు మనుషుల ఆవాసాలు బయటపడ్డాయి. అక్కడి నుంచి పక్కకు తిరిగి తుంగభద్ర ఒడ్డున ఉన్న నిట్టూరుకు వెళ్ళాం. అశోకుని శాసనం ఉన్న ఊరు అది. చాలా శాసనాల్లో ఆయన 'దేవానాంప్రియుడు' అనే కనిపిస్తాడు. 'అశోక' అన్న పేరు స్పష్టంగా ఉన్నవి కొన్నే. మొదట 1915లో నదికి అవతల రాయచూరు జిల్లాలోని మస్కిలో ఆ పేరు దొరికింది. తర్వాత నిట్టూరులో, దగ్గరే ఉన్న ఉదేగోళంలో దొరికింది. భాష ప్రాకృతం, లిపి బ్రాహ్మి. రెండువేల రెండువందల ఏళ్ళకు పైబడిన రాత.

మా అమ్మాయి ఆ గీతల వంక చాలాసేపు చూసి, "ఇంత శ్రమపడి చెక్కితే, మధ్యలో ఎవరికీ చదవడం రాకుండా పోయిందా నాన్నా?" అంది. "అవునమ్మా, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ ఆ లిపిని విప్పేదాకా అంతే" అన్నాను. ఆ ప్రశ్న మళ్ళీ నా ముందుకే వస్తుందని అప్పుడు తోచలేదు.

సిరుగుప్ప వరికి పేరున్న ఊరు. సోనా మసూరి బియ్యం మిల్లులు దారి పొడుగునా కనిపిస్తాయి. అక్కడ దాటాక హగరి వస్తుంది. పుస్తకాల్లో రాసే వేదవతి నది ఇదే. దాని తర్వాత నల్లరేగడి నేల, పత్తి, జొన్న, మిరప చేలు, కాలువ పారే చోట వరి మళ్ళు. కిటికీలోంచి చూపు ఆనకపోయినా, గాలి వాసన బట్టే "ఊరొచ్చింది" అంది అమ్మ.

బావ వాకిట్లోనే ఎదురొచ్చాడు. "రా అత్తా, ఇప్పటికైనా గుర్తొచ్చినామా?" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాడు. అక్క జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు, గురెళ్ళ పొడి సిద్ధంగా పెట్టింది. బావ నాతో తెలుగులో, పొలం మనిషితో కన్నడంలో, ఫోనులో రెండూ కలిపి మాట్లాడుతున్నాడు. ఎక్కడ ఒకటి ఆగి ఇంకొకటి మొదలయిందో ఆయనకే తెలియదు.

ఈ ప్రాంతం కథే అంత. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువారికి దత్తం చేశాడు. అప్పటి నుంచి బళ్ళారి మద్రాసు కిందే ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, సిరుగుప్పతో సహా మిగిలినవి మైసూరుకు వెళ్ళాయి. నదికి అవతలి ఒడ్డు 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండేది. 1973లో మైసూరు పేరు కర్ణాటక అయింది. మా తాత గడప దాటకుండానే మూడు రాష్ట్రాల పేర్లు చూశాడన్నమాట! నీళ్ళు మాత్రం ఇరుపక్కలకూ ఒక్కటే. 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయిన రాత్రి సరిహద్దుకు అటూ ఇటూ ఒకే దిగులని బావ చెప్పాడు.

మధ్యాహ్నం పాతింట్లోకి వెళ్ళాం. తాత అందులోనే ముందు గదిలో అంగడి నడిపేవాడు. మట్టి మిద్దె, వాన వస్తే నాలుగు చోట్ల కారుతుంది. బావ పడగొడతానంటే తప్పు పట్టలేం. మూలన ఉన్న భోషాణంలో తాత చిట్టా పుస్తకాలు బయటపడ్డాయి. గుడ్డ అట్ట, చెదలు అంచులు తిన్న కాగితాలు. కామర్సు చదివినవాణ్ణి కదా, నాకు నిధి దొరికినట్టయింది. జమ, ఖర్చు, నిలవ, ఏ రోజుకారోజు ముగించి కింద గీత గీశాడు. వెతికితే 1953 అక్టోబరు 1, గురువారం పుట దొరికింది. రాష్ట్రం మారిన ముచ్చట అందులో ఒక్క అక్షరం లేదు. బెల్లం, కిరసనాయిలు, ఉప్పు. కౌతాళం మనిషి బాకీ, హొళగుంద మనిషి బాకీ. ఆ రెండు ఊళ్ళూ ఆ రోజే వేరే రాష్ట్రంలోకి వెళ్ళాయి. తాత మాత్రం వాళ్ళకు అప్పు ఆపలేదు.

"చదువమ్మా, నువ్వు చదువు. నాకు కనపడదు" అని అమ్మ పుస్తకం మనవరాలి చేతిలో పెట్టింది.

మా అమ్మాయి నా వైపు చూసింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది. బడిలో నేర్చుకున్నవి కన్నడం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మేము నేర్పలేదు. ఇదిగో అదిగో అంటూ పద్దెనిమిదేళ్ళు గడిపేశాం. పొద్దున నిట్టూరులో అడిగిన ప్రశ్నకు మా ఇంట్లోనే జవాబు ఉంది. తాత రాత మూడో తరానికే బ్రాహ్మి అయిపోయింది. నాకు సిగ్గేసింది.

"రాదవ్వా" అంది పిల్ల మెల్లగా.

అమ్మ నొచ్చుకోలేదు. ఆమె బడిలో కన్నడం, ఇంట్లో తాత దగ్గర తెలుగు నేర్చుకున్న మనిషి. "కన్నడం వస్తుంది కదే! పైన తలకట్టు సంగతి వదిలెయ్. కింద ఉన్నది నీకు తెలిసిన అక్షరమే, చూడు" అంది. నిజమే. రెండు లిపులూ ఒక్క పాత లిపి నుంచి విడివడినవే. పిల్ల వేలు పెట్టి కూడబలుక్కుంది. "బె... ల్ల... సున్నా. బెల్లం!" గ, ద, న, ర, ల సులువుగానే పట్టేసింది. క దగ్గరా త దగ్గరా తడబడితే అమ్మ గాలిలో వేలితో రాసి చూపింది. కళ్ళకు కనపడకపోయినా వేలికి అక్షరం గుర్తుంది.

అర్ధగంట తర్వాత ఆ పుట చివరి పద్దుకు వచ్చింది. "పా...ప...కు ప...ల...క. నాలుగు అణాలు." పాప ఎవరని అడగబోయి ఆగిపోయింది. అమ్మ కొంగు కళ్ళకు అద్దుకుంది. ఎనిమిదేళ్ళ నాడు తాత కొనిపెట్టిన పలక అది.

మరునాడు సిరుగుప్ప దగ్గరి కెంచనగుడ్డకు వెళ్ళి నది ఒడ్డున కూర్చున్నాం. కోట శిథిలాలు, రాళ్ళ మధ్య పాయలుగా పారే తుంగభద్ర, చల్లటి గాలి. ఏ హిల్ స్టేషనుకూ తీసిపోదు, పైగా ప్రవేశ రుసుము లేదు! తిరుగు దారిలో సిరుగుప్ప బజారులో శ్రీమతి సోనా మసూరి బియ్యం, బ్యాడగి మిరపకాయలు, గురెళ్ళు కొన్నది. అమ్మ ఒక గొర్రె కంబళి కొనిపించుకుంది. నేను బేరం ఆడబోతే, "మనూళ్ళో బేరమేందిరా" అని కసిరింది.

బావ ఆ చిట్టా పుస్తకం మా అమ్మాయికే ఇచ్చేశాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున ఒక పుట. పిల్ల చదువుతుంది, అవ్వ వింటూ తప్పులు దిద్దుతుంది. పన్నెండు పుటలయ్యాయి. క, త ఇప్పుడు తడబాటు లేకుండా వస్తున్నాయి.

మిత్రులారా, మనలో చాలామందికి ఇలాంటి ఊరు ఒకటి ఉండే ఉంటుంది. అక్కడ ఒక పాతిల్లు, ఒక పెట్టె, అందులో ఎవరో రాసిపెట్టిన కాగితాలు కూడా. వచ్చే సెలవులకు పిల్లలను, పెద్దలను ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్ళి రండి. చలికాలం మంచిది, ఎండాకాలం ఆ నేల మీద నిలవలేం. చేతిసంచి రెండు ఎక్కువే తీసుకెళ్ళండి. ఇల్లు పడగొట్టకముందే వెళ్ళండి.