మద్యం, పొగాకు పన్నులు: ఆరోగ్యం కోసమా, ఖజానా కోసమా?



రంజాన్ మాసంలో సహాయం కోసం వచ్చిన దరఖాస్తులు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ బస్తీల్లో ఇల్లిల్లూ తిరుగుతాం. అద్దె ఎంత, పిల్లల ఫీజు ఎంత, మందుల ఖర్చు ఎంత అని రాసుకుంటాం. ఇంటాయన కూలి డబ్బులో ఇంటికి చేరేది ఎంత అన్న ప్రశ్న మాత్రం నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. అడక్కపోయినా చాలా ఇళ్లలో జవాబు తెలిసిపోతుంది. మన ధర్మంలో మత్తు నిషిద్ధం. అంతమాత్రాన ఈ బాధ మన ఇళ్లలో లేదనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక దాత మమ్మల్ని ఇలా అడిగారు. ప్రభుత్వం మద్యం మీద, సిగరెట్ల మీద ఇంత పన్ను వేస్తోంది కదా, అది ఆరోగ్యం కోసమే అయితే మన దగ్గరికి వచ్చే దరఖాస్తులు ఎందుకు తగ్గడం లేదు? ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. తెలుసుకున్నది ఇక్కడ మీ ముందు ఉంచుతున్నాం.

పన్ను పనిచేస్తుందా?

పనిచేస్తుంది. పొగాకు ధర 10 శాతం పెరిగితే మనలాంటి దేశాల్లో వాడకం సుమారు 5 శాతం తగ్గుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ముఖ్యంగా కుర్రవాళ్లు, పేదవాళ్లు తగ్గిస్తారు. అందుకే సిగరెట్ ధరలో కనీసం 75 శాతం పన్ను ఉండాలని ఆ సంస్థ చెబుతోంది.

అయితే ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. నిన్నటిదాకా పొగాకుకు 100 రూపాయలు పెట్టిన చోట ధర పదో వంతు పెరిగి, వాడకం ఇరవయ్యో వంతు తగ్గింది అనుకుందాం. ఇప్పుడు ఖర్చు 104 రూపాయల 50 పైసలు అవుతుంది. అంటే మొత్తం మీద ఆరోగ్యానికీ లాభమే, ఖజానాకూ లాభమే. మానుకున్న ఇంటికి మేలు. మానలేని ఇంటికి మాత్రం నష్టం రెండింతలు, ఎందుకంటే ఒంటికి హాని తగ్గకపోగా పర్సు మరింత ఖాళీ అవుతుంది.

రోజుకు 200 రూపాయల క్వార్టర్ తాగే కూలీ మనిషినే తీసుకోండి. నెలకు 6 వేలు. సీసా మీద 20 రూపాయలు పెరిగినా అలవాటు మానకపోతే నెలకు ఇంకో 600 పోతుంది. ఆ 600 నూనె ప్యాకెట్ నుంచో, పిల్లవాడి ఫీజు నుంచో వస్తుంది. ఆ ఫీజు దరఖాస్తే చివరికి మన కార్యాలయానికి చేరుతుంది. అంటే పన్ను వెళ్లేది ఖజానాకు, ఇంట్లో పడిన గుంత పూడ్చేది మీ విరాళం.

మన రాష్ట్రం ఏం చేస్తోంది?

రాజ్యాంగంలోని 47వ అధికరణం ప్రజారోగ్యం కోసం మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వాలకు చెబుతోంది. మరోవైపు తాగే మద్యం జి.ఎస్.టి. పరిధిలోకి రాదు. దాని మీద పన్ను పూర్తిగా రాష్ట్రాల చేతిలోనే ఉంది. తెలంగాణ 2024-25 బడ్జెట్‌లో ఎక్సైజ్ రాబడి అంచనా 25 వేల కోట్ల రూపాయలకు పైనే. మద్యం మీద వచ్చే వ్యాట్ దీనికి వేరు. ఇంత పెద్ద రాబడిని వదులుకోవడానికి ఏ ఆర్థిక మంత్రి అయినా జంకుతారు.

2023లో 2,620 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు 2 లక్షలు, లాటరీ తగలకపోయినా తిరిగి రావు. లక్షా 30 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక్క సీసా అమ్మకముందే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరాయి. రాష్ట్రంలో ఎక్కువ దరఖాస్తులు పడిన చోట్లలో మన సరూర్‌నగర్ ఎక్సైజ్ విభాగం ఒకటి. ఇంత పోటీ ఎందుకో వేరే చెప్పనక్కరలేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 43 మంది మద్యం తాగుతున్నారు. దేశంలోని పెద్ద రాష్ట్రాల్లో ఇంత ఎక్కువ మరెక్కడా లేదు.

ఉద్దేశం ఏమిటో ధర తగ్గించినప్పుడు ఇంకా బాగా బయటపడుతుంది. 2022లో మద్యం ధరలు పెంచిన రాష్ట్రం, 2023 మేలో కొన్ని రకాల ధరలు తగ్గించింది. పన్ను ఆరోగ్యం కోసమే అయితే అమ్మకం తగ్గడం శుభవార్త కావాలి కదా!

పొగాకు సంగతి వేరుగా ఉంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు సిగరెట్ మీద 28 శాతానికి తోడు సెస్ వేశారు, బీడీ మీద సెస్ వేయలేదు. 2025 సెప్టెంబరులో జి.ఎస్.టి. కౌన్సిల్ సిగరెట్‌కు 40 శాతం నిర్ణయించి, బీడీని 18 శాతానికి దించింది. నిజామాబాద్, జగిత్యాల ప్రాంతాల్లో బీడీలు చుట్టి బతికే మహిళలు లక్షల్లో ఉన్నారు, వారిలో మన ఆడపడుచులూ ఉన్నారు. వారి కూలి గురించి ఆలోచించవలసిందే. కానీ బీడీ పొగ సిగరెట్ పొగ కన్నా మంచిది కాదు. పేదవాడు తాగేది చవకగా ఉంచితే ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ముందు వరుసలో నిలబడేది కూడా పేదవాడే.

మరి నిషేధమే మార్గమా?

ఆ దారీ తెలుగునాట చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వచ్చిన మహిళలు రోశమ్మ గారితో కలిసి సారాను ఊరి నుంచి తరిమారు. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. దొంగ రవాణా పెరిగింది, ఖజానా తట్టుకోలేకపోయింది, 1997లో నిషేధం సడలిపోయింది. ఖజానాకు ఇంకో ఆదాయం చూపకుండా, అలవాటు పడినవారికి చికిత్స చూపకుండా చేసిన చట్టం నిలవలేదు.

థాయ్‌లాండ్ ఇంకో దారి పట్టింది. 2001 నుంచి మద్యం, పొగాకు పన్నులపై 2 శాతం అదనంగా వసూలు చేసి, దాన్ని ఆరోగ్య ప్రచార నిధికే ఇస్తోంది. ఫిలిప్పీన్స్ 2012 చట్టంతో ఈ పన్నుల్లో పెద్ద భాగాన్ని పేదల ఆరోగ్య బీమాకు మళ్లించింది.

కాబట్టి ఆ దాత ప్రశ్నకు మా జవాబు ఇది. పన్ను ఒక పనిముట్టు. అది ఎవరి కోసమో తెలియాలంటే మూడు విషయాలు చూడాలి. అన్నిటికన్నా చవకైన సరుకు ధర కూడా పెరుగుతోందా? దుకాణాలు, ఊళ్లలో బెల్టు షాపులు తగ్గుతున్నాయా? వచ్చిన డబ్బులో కొంతైనా చికిత్సకు వెళుతోందా? ఈ మూడింటికీ అవునని చెప్పగలిగిన రోజున ఆ పన్ను ఆరోగ్యం కోసమని ఒప్పుకుంటాం. ఈ రోజు మాత్రం అది మొదట ఖజానా కోసమే.

అంతవరకూ మనం చేయగలిగినవి ఉన్నాయి. మత్తు మానాలనుకునేవారికి 14446, పొగాకు మానాలనుకునేవారికి 1800 11 2356 నంబర్లలో ఉచితంగా సలహా దొరుకుతుంది. ఎర్రగడ్డ మానసిక ఆరోగ్య సంస్థలో చికిత్స ఉంది. రేషన్ కిట్‌తో పాటు ఈ నంబర్లు రాసిన చీటీ పెట్టాలని, చికిత్సకు వెళ్లేవారి ఇంటికి ఆ రోజుల్లో కూలి నష్టం లేకుండా చూడాలని ఈ సంవత్సరం నిర్ణయించుకున్నాం. సంచి బియ్యం నెల రోజుల ఆకలి తీరుస్తుంది. ఒక్క మనిషి మానుకుంటే ఆ ఇల్లు మరుసటి రంజాన్‌కు తీసుకునే వరుసలోంచి ఇచ్చే వరుసలోకి వస్తుంది. మీ విరాళం అక్కడిదాకా చేరాలని మా ప్రయత్నం, ఇన్షా అల్లాహ్.