గవ్వల పందెం, గూడెంలోని కానుక

వంతులవారీ వ్యూహక్రీడల్లో, అంటే ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు నిదానంగా ఎత్తులు వేసే ఆటల్లో, కొత్త ప్రాంతాలను వెతికి చూసినవారికి ఏ బహుమానం దక్కాలి, అందులో అదృష్టం పాలు ఎంత ఉండాలి అన్నది రూపకర్తలు ఎప్పుడూ తేల్చుకోవలసిన విషయం. మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో ఆడే ఆటల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది: మూడు పులులు, పదిహేను మేకలతో సాగే పులిజూదంలో అదృష్టానికి చోటే లేదు, అష్టాచెమ్మాలో గవ్వలు పడనిదే కాయ కదలదు.

1991లో సిడ్ మైయర్, బ్రూస్ షెల్లీ రూపొందించిన ‘సివిలైజేషన్’ వీడియో గేమ్‌లో పటం మొదట చీకటిగా ఉంటుంది. దారి వెతుకుతూ వెళ్లిన దళం ఏదైనా గూడెంలో అడుగుపెడితే బంగారమో, కొత్త విద్యో, తోడు సైన్యమో దొరకవచ్చు, లేదా శత్రుమూక మీద పడవచ్చు. 2005 నాటి నాలుగో భాగంలో ఈ ఫలితాల జాబితా ఆటగాళ్లు తెరిచి దిద్దుకోగల ఫైళ్లలోనే ఉండడం వల్ల ప్రయోగం చేయడం సులువైంది.

20 ఫలితాల జాబితాలో కొత్త విద్య రెండుసార్లు ఉందనుకుంటే అది దొరికే అవకాశం 10 శాతం. ఇద్దరు ఆటగాళ్లు చెరి మూడు గూడేలు తెరిస్తే, ఒకరికి అది దక్కి రెండోవారికి దక్కకపోయే అవకాశం దాదాపు 40 శాతం. ఆరంభంలో దొరికిన విద్య వడ్డీలా పెరుగుతూ పోతుంది కనుక ఈ తేడా చిన్నది కాదు.

అసలు లోపం అదృష్టం ఉండడంలో లేదు, అది వచ్చే వేళలో ఉంది. అష్టాచెమ్మాలో గవ్వలు ముందు పడతాయి, ఏ కాయను నడపాలో, ఎదుటివారి ఏ కాయను చంపాలో ఆ తర్వాత తేల్చుకోవచ్చు. గూడెంలోనైతే నిర్ణయం ముందు, అదృష్టం తర్వాత. 2013లో ఐదో భాగానికి చేరిన షోషోనీ జాతి అన్వేషకులకు, గూడేల బదులు ఉండే శిథిలాల్లో బహుమానాన్ని తామే ఎంచుకునే వీలు కల్పించారు, కానీ దానితో ఉత్కంఠ పూర్తిగా పోయింది.

రెంటికీ నడుమ ఒక దారి ఉంది: జాబితాలో రెండు వేర్వేరు చోట్ల ఉన్న ఫలితాలు తీసి చూపి, ఒకటి ఎంచుకోనివ్వడం. అప్పుడు కొత్త విద్యను జాబితాలో ఒక్కసారే ఉంచినా అవకాశం 10 శాతంగానే నిలుస్తుంది. శత్రుమూక నాలుగుసార్లు ఉంటే మాత్రం, దాన్ని తప్పించుకోలేని పరిస్థితి 20 శాతం నుంచి సుమారు 3 శాతానికి పడిపోతుంది కనుక, మునుపటి భయం దాదాపుగా నిలవాలంటే దాన్ని తొమ్మిదిసార్లు చేర్చవలసి వస్తుంది.