రాణి చీమ – సీసాలో కాపురం

ఆ రాత్రి తొలకరి వాన కురిసింది. కరెంటు పోయింది. అత్త దీపం వెలిగించింది. కాసేపటికే దీపం చుట్టూ రెక్కల పురుగులు మూగాయి.

లోపలి గదిలో బాలింత ఉంది. పురిటికి వచ్చిన ఆడపడుచు. బిడ్డకు వారం రోజులు.

"ఉసిళ్ళు! గదిలోకి పోతాయి. ఊడ్చెయ్ అమ్మాయ్" అంది అత్త.

కోడలు చీపురు తెచ్చింది. ఇంతలో పాప ఒక పురుగును చూపించింది.

"అమ్మా, ఇది వేరేగా ఉంది. నడుము చూడు, ఎంత సన్నగా ఉందో!"

పాప మాట నిజమే. వానకు వచ్చేవన్నీ ఉసిళ్ళు కావు. ఉసిళ్ళంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. కొన్ని ఊళ్ళలో ఈసుళ్ళు అంటారు. వాటితో పాటు రెక్కల చీమలు కూడా వస్తాయి.

ఉసిళ్ళా? చీమలా?

ఉసిళ్ళకు నాలుగు రెక్కలూ ఒకే పొడుగు. నడుము లావు. మీసాలు తిన్నగా ఉంటాయి.

రెక్కల చీమకు ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు చిన్నవి. నడుము బాగా సన్నం. మీసాలు మోచెయ్యిలా వంగి ఉంటాయి.

రెక్కల చీమల్లో ఆడవీ, మగవీ ఉంటాయి. మగది చిన్నది. తల కూడా చిన్నదే. ఆడది పెద్దది. దాని వీపు ఎత్తుగా, పొట్ట లావుగా ఉంటుంది. అదే కాబోయే రాణి.

వానలు మొదలవగానే ఇవి పుట్ట వదిలి ఎగురుతాయి. జత కడతాయి. మగచీమలు కొద్ది రోజుల్లోనే చనిపోతాయి. రాణి నేల మీద వాలుతుంది. తన రెక్కలు తానే విరిచేసుకుంటుంది. ఇక మళ్ళీ ఎగరదు.

గండుచీమ మగది కాదు

మర్నాడు పొద్దున అరుగు మీద ఒక పెద్ద నల్లచీమ కనిపించింది. ముప్పావు అంగుళం ఉంటుంది. ఒంటరిగా తిరుగుతోంది. వీపుకు రెండు పక్కలా రెక్కలు ఊడిన గుర్తులున్నాయి.

"గండుచీమ! కొరుకుతుంది" అని పాప చెప్పు తీసింది. కోడలు ఆపింది.

గండుపిల్లి అంటే మగపిల్లి. కాబట్టి గండుచీమ అంటే మగచీమ అనుకుంటాం. అది తప్పు. మన ఇళ్ళలో బారులు కట్టే గండుచీమలన్నీ ఆడవే. అవి పనిచీమలు. తిండి తేవడం, పిల్లలను సాకడం, పుట్టను కాపాడడం అన్నీ అవే చేస్తాయి.

మరి రాణి ఏం చేస్తుంది? పెత్తనం చెయ్యదు. గుడ్లు పెడుతుంది. రాణి అన్నది మనం పెట్టిన పేరు. నిజానికి అది తల్లి.

రాణి చాలా కాలం బతుకుతుంది. యూరప్ దేశాల్లో ఉండే ఒక రకం నల్లచీమ రాణి, పెంపకంలో 28 ఏళ్ళు బతికింది.

సీసాలో ఎలా పెంచాలి?

1. సన్నటి, పొడుగాటి గాజు సీసా తీసుకోవాలి. బాగా కడగాలి. మందు వాసన ఉండకూడదు.

2. మూడో వంతు నీళ్ళు పొయ్యాలి. దూది ఉండను నీళ్ళకు తగిలేదాకా లోపలికి గట్టిగా నెట్టాలి. దూది తడవాలి. నీళ్ళు మాత్రం కారకూడదు.

3. రాణిని వేళ్ళతో పట్టకూడదు. కాగితం అడ్డం పెడితే దానంతట అదే ఎక్కుతుంది. అప్పుడు సీసాలోకి దించాలి.

4. సీసా మూతికి మరో దూది ఉండ పెట్టాలి. గాలి ఆడుతుంది. రాణి బయటికి రాదు.

5. సీసాను పడుకోబెట్టి, నల్లగుడ్డ చుట్టాలి. ఎండ తగలని, కదలని చోట ఉంచాలి.

6. తిండి పెట్టకూడదు. వారానికి ఒక్కసారే చూడాలి.

కుట్టే ఎర్రచీమలను మాత్రం ఇంట్లో పెంచవద్దు.

మొదటి సీసా

మూడో రోజున రాణి గుడ్లు పెట్టింది. తెల్లగా, నూకల కన్నా చిన్నగా ఉన్నాయి. పాపకు ఒకటే సంబరం. రోజూ గుడ్డ విప్పింది. సీసా ఊపింది. స్నేహితులకు చూపించింది.

వారం తిరిగేసరికి ఒక్క గుడ్డూ లేదు. రాణి తినేసింది. బెదిరిన రాణి తన గుడ్లు తానే తింటుంది. పాప ఏడ్చింది. కోడలు రాణిని పెరట్లో తడిమట్టి మీద వదిలిపెట్టింది.

మళ్ళీ వాన పడింది. ఇంకో రాణి దొరికింది. ఈసారి సీసాకు అత్త కాపలా.

"ముట్టుకోకు. బాలింతను కదిలించకూడదు" అంది పాపతో.

"తిండి పెట్టకపోతే చచ్చిపోదా నాయనమ్మా?" అంది పాప.

చావదు. ఎగరడానికి రాణి వీపులో కండ ఉంటుంది. రెక్కలు పోయాక ఆ కండ అవసరం లేదు. అది లోపలే కరుగుతుంది. ఒంట్లో కొవ్వు కూడా కరుగుతుంది. రాణి దానితోనే బతుకుతుంది. పిల్లలకు కూడా అదే నోటితో అందిస్తుంది.

ఇది విని అత్త అంది: "చూశావా? చీమ కూడా పథ్యం ఉంటుంది. మన పిల్లకు ఒంటిపూట చాలు."

కోడలు కాసేపు ఆగి నెమ్మదిగా అంది: "అత్తా, చీమకు కరిగించుకోడానికి రెక్కల కండ ఉంది. వదినకు ఏముంది? తిండి తగ్గిస్తే వదిన ఒళ్ళే కరుగుతుంది. నీరసపడుతుంది. పాలిచ్చే తల్లి మామూలు కన్నా ఎక్కువ తినాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు పెట్టాలి. నీళ్ళు బాగా తాగనివ్వాలి."

అత్త ఏమీ అనలేదు. రాత్రికి మాత్రం పప్పూ అన్నం కలిపి తనే లోపలికి తీసుకెళ్ళింది.

కాపురం నిలిచింది

గుడ్డు నుంచి పురుగు వస్తుంది. పురుగు గూడు కట్టుకుంటుంది. గూట్లోంచి చీమ వస్తుంది. దీనికి నెల, నెలన్నర పడుతుంది. నలభై రోజులకు పాప సీసాలో ఐదు చీమలు కనిపించాయి. చాలా చిన్నవి. రాణి ఒంట్లో ఉన్న కాస్త దాంతోనే పెరిగాయి కదా! తర్వాత పుట్టేవి పెద్దవిగా ఉంటాయి.

ఇప్పుడు తిండి పెట్టాలి. అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క పంచదార నీళ్ళు. చచ్చిన ఈగ ముక్క ఒకటి. పురుగుమందుతో చచ్చిన ఈగ పనికిరాదు. మిగిలింది మర్నాడే తీసెయ్యాలి. లేకపోతే బూజు పడుతుంది.

చీమలు పెరిగి సీసా ఇరుకైతే, దొరికిన చోటికి దగ్గరలోనే చెట్టు మొదట్లో సీసా మూత తీసి పెట్టాలి. అవే దారి చూసుకుంటాయి.

చీమలు కనపడిన రోజు పాప లోపలికి పరుగెత్తింది. "అత్తా, మన చీమకు పిల్లలు పుట్టారు!" ఆడపడుచు నవ్వింది. ఆమె ఒళ్ళో బిడ్డ కూడా కాస్త ఒళ్ళు చేసింది.

ఆలోచించండి – చెప్పండి

1. ఉసిళ్ళకూ రెక్కల చీమలకూ తేడా ఏమిటి?
2. మొదటి సీసాలో గుడ్లు ఎందుకు మిగల్లేదు?
3. మీ ఊళ్ళో బాలింతకు ఏమి పెడతారు? ఏమి పెట్టరు? అది సరైనదేనా?