కడలి యెత్తు, కోనసీమ నేల

ధవళేశ్వరము ఆనకట్ట దాటి పాయలుగా చీలిన గోదావరిలో, గౌతమి యొడ్డున నున్న కపిలేశ్వరపురమున, శ్రావణమాసపు వరదనాడు గట్టెక్కి చూచువారు ఆనకట్టవద్ద నీరెన్ని యడుగులున్నది, ఎన్ని లక్షల క్యూసెక్కులు దిగువకు వదలిరి అని యడుగుదురు గాని, ఆ నీటినంతను కడుపున దాచుకొనవలసిన సముద్రము ఆనాడు ఏ యెత్తున నున్నదని యడుగుట యరుదు. అయినను వరదయు సముద్రపు పోటును ఒకేసారి వచ్చినచో, మొగలయొద్ద నీరు వెనుదన్ని, మురుగు కాల్వలు కడలిలోనికి దిగజాలక, కొత్తగా నాటిన వరిచేలను దినములతరబడి ముంచివేయును. కావున సముద్రపు టెత్తు మన రైతుకు దూరపు విషయము కాదు.

సముద్రము సమతలమని తోచుట మన కంటి పరిమితి. శ్రీలంకకు దక్షిణమున, భూగర్భద్రవ్యపు టాకర్షణ కొంచెము కొరవడుటచేత, హిందూ మహాసముద్రతలము శాస్త్రజ్ఞులు కల్పించుకొన్న ఆదర్శభూగోళతలమున కంటె సుమారు 100 మీటర్లు పల్లమై యున్నది. అట్లయ్యు ఓడపై పోవువాడు పల్లములోనికి దిగుచున్నట్లెరుగడు, ఏలయన నీరెల్లయెడల ఆ యాకర్షణకు లంబముగనే నిలుచును. ఈ స్థిరమైన మిట్టపల్లములపైన, నదులు తెచ్చు మంచినీరును, ఎండవేడిమియు, ఋతుపవనముల వెంబడి దిశ మార్చుకొను ప్రవాహములును బంగాళాఖాతపు మట్టమును సెంటీమీటర్ల లెక్కన పెంచుచు తగ్గించుచు నుండును.

ఆ సెంటీమీటర్లను ఆకాశమునుండి కొలుచుట మానవమేధ సాధించిన యద్భుతములలో నొకటి. అమెరికా, ఫ్రాన్సు దేశములు 1992 ఆగస్టు 10న ప్రయోగించిన టోపెక్స్-పొసైడాన్ 1336 కిలోమీటర్ల యెత్తునుండి రాడారు స్పందనలను నీటిపైకి పంపి, అవి మరలి వచ్చు కాలమును గణించెను. ఒక్క సెంటీమీటరు భేదమును గుర్తింపవలెనన్నచో సెకనులో 1500 కోట్లవ వంతును గుర్తింపవలెను! అంతటితో తీరదు, నడుమనున్న నీటియావిరి ఆ తరంగములను మందగింపజేయును గనుక దానిని వేరుగా కొలిచి తీసివేయవలెను, ఉపగ్రహమే యెచ్చట నున్నదో సెంటీమీటర్ల సూక్ష్మతతో నెరుగవలెను. తరువాత 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోటనుండి పీఎస్‌ఎల్‌వీ-సీ20 మోసికొనిపోయిన భారత-ఫ్రెంచి ఉపగ్రహము సరళ్, మునుపటివానికంటె హ్రస్వమైన తరంగములను వాడి, సముద్రముపై చిన్న వైశాల్యమునే పరికించుటచే, తీరమునకు మరింత చేరువగా కొలువగలిగెను.

ఈ కొలతల ఫలము కేవలము శాస్త్రగ్రంథములలో నిలిచిపోవునది కాదు. నీటితల మెచ్చట ఉబ్బియున్నదో అచ్చట వెచ్చని నీరు లోతువరకు నిండియుండుట తరచు; తుపానులు అట్టిచోట బలమును పుంజుకొనును. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చిన తుపానును చూచిన తరమునకు ఆ బలమెట్టిదో చెప్పనక్కరలేదు. అయితే సుమారు పది దినములకొకసారి గాని తన దారికి మరలిరాని యుపగ్రహము ఉప్పెనకు కావలివాడు కాజాలదు. 2004 సునామీనాడు జేసన్-1 ఉపగ్రహము, భూకంపమైన రమారమి రెండు గంటలకు బంగాళాఖాతముపై పోవుచు నడికడలిలో అరమీటరు మేరకు లేచిన యలను కొలిచెను. కాని లెక్క తేలుటకు గంటలు పట్టుటచే అది హెచ్చరికగా నుపకరింపలేదు. హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ 2007లో నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రము భూకంపమాపకములను, సముద్రగర్భపు పీడనమాపకములను, తీరపు మాపకములను ఆశ్రయించుట యందువలననే.

ఇక నాకు మిక్కిలి ఆందోళన కలిగించునది వేరొకటి కలదు. 1993 నుండి ప్రపంచసముద్రముల సగటుమట్టము సుమారు 10 సెంటీమీటర్లు పెరిగినదని ఉపగ్రహములు చెప్పుచున్నవి. అది కడలి లెక్క మాత్రమే; నేల లెక్క వేరు. కోనసీమ ఒండ్రుతో నేర్పడిన నేల. ఒండ్రు తనబరువునకు తానే యదిమికొని కుంగును. ఏటేట క్రొత్త ఒండ్రు వచ్చి ఆ కుంగుబాటును పూడ్చుచుండెను. కాని ఎగువ ఆనకట్టలు ఇప్పుడు ఆ ఒండ్రును పట్టి నిలుపుచున్నవి. కడలి పెరుగుటయు నేల కుంగుటయు కూడి మన వాకిటికి వచ్చును. విశాఖపట్టణపు రేవున దశాబ్దములుగా నీటిమట్టమును నమోదు చేయుచున్నారు గాని, కొండల నడుమనున్న ఆ నేల లెక్క గౌతమీ మొగయందలి మెత్తని నేలకు సరిపోదు. కావున ప్రతి మొగయొద్దను పోటును కొలుచు మాపకమును, దాని ప్రక్కనే నేల కుంగుదలను కొలుచు జీపీఎస్ స్థానమును ఏండ్లతరబడి నిలిపియుంచవలెనని నా దృఢాభిప్రాయము. ఉపగ్రహపు లెక్కకు ఈ లెక్కను చేర్చిననాడు గాని, మురుగు కాల్వల లాకులను, సముద్రపు కరకట్టలను రానున్న ముప్పదియేండ్లకు ఎంత యెత్తున కట్టవలెనో ఇంజనీరులు నిశ్చయముగా చెప్పజాలరు.